బాపు పోయాక ఆయన బాకీలు తీర్చిన పదకొండు రోజులు

బాపు, అంటే మా నాన్న, 2025 నవంబరు 10 సోమవారం తెల్లవారుజామున నాలుగు ఇరవైకి పోయాడు. వయసు 72. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో 38 ఏళ్లు గుమాస్తాగా చేశాడు. ఆఖరి ఎనిమిది రోజులే మంచం పట్టాడు. అంతకు ముందు వారం దాకా సైకిల్ మీద మార్కెట్‌కు వెళ్లి వచ్చినవాడే.

మనిషి పోయిన ఇంట్లో ఏ రోజు ఏం చేయాలో చెప్పేవాళ్లకు కొదువ ఉండదు. పోయినవాడి చిల్లర బాకీల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మాకు ఆ పని మీద పడింది. ఎలా జరిగిందో, ఎక్కడ తడబడ్డామో గుర్తున్నప్పుడే రాసిపెడుతున్నాను.

మొదటి రోజు ఖర్చు 27,400 రూపాయలు. వైకుంఠ రథం, కట్టెలు, డప్పులు, కాటికాపరికి ఇచ్చింది, పూలు, అన్నీ కలిపి. మంచిర్యాల నుంచి అక్క రైలు దిగేసరికి పదకొండు దాటింది, అందుకని మధ్యాహ్నం రెండింటికి ఎత్తాం. అప్పటికప్పుడు చేతిలో డబ్బు చాలక తమ్ముడు బాపు ఏటీఎం కార్డుతో పదివేలు తీసుకొచ్చాడు. తప్పు చేస్తున్నామని మాలో ఎవరికీ తోచలేదు. మనిషి పోయాక ఆయన ఖాతాలోంచి అలా తీయకూడదని బ్యాంకులో చెప్పేదాకా తెలియదు.

ఫ్రేములో పెట్టడానికి ఒక్క ఫోటో లేదు. పెళ్లిళ్ల ఫోటోలన్నింటిలో బాపు ఏదో ఒకటి మోస్తూనో, వడ్డిస్తూనో, పక్కకు తిరిగే ఉన్నాడు. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే స్టూడియోవాళ్లు పెద్దది చేసి, చొక్కా రంగు మార్చి ఇచ్చారు. బాపుకు జీవితంలో లేని నీలం చొక్కా అది.

పొయ్యి వెలిగించకూడదు కాబట్టి మూడు రోజులు ఇరుగుపొరుగు ఇళ్ల నుంచే అన్నం వచ్చింది. ఏ గిన్నె ఎవరిదో అక్క రెండో రోజు నుంచి కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. మొదటి రోజే రాయవలసింది. ఎవరివో తెలియని మూడు స్టీలు గిన్నెలు, రెండు మూతలు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాయి. వచ్చినవాళ్లు కూర్చుని, ఏడ్చి, "వెళ్లొస్తాం" అనకుండా లేచి వెళ్లిపోతారు కదా. చావు ఇంట్లో ఆ మాట అనకూడదని చిన్నప్పటి నుంచి తెలుసు. అయినా ఒక్కొక్కరు అలా చెప్పకుండా గడప దాటుతుంటే, అందరూ నా మీద కోపంతో పోతున్నారేమో అనిపించింది.

11వ తేదీ రాత్రి ఏవో కాగితాల కోసం బాపు ట్రంకు పెట్టె తెరిచాం. తక్‌పట్టీల (సరుకు అమ్మిన చీటీల) కట్టలు, కళ్లద్దాల డబ్బా, వాటి అడుగున ఎర్ర అట్ట ఖాతా పుస్తకం. అక్టోబరు 29న మొంథా తుపాను వాన వరంగల్‌ను ముంచినప్పుడు మా ఇంట్లోకీ మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. పెట్టె అడుగు తడిసింది. పుస్తకం ఆరింది కానీ వెనక పేజీలు అప్పడాల్లా ఉబ్బి, సిరా పాకి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

ముందు వైపు "ఇవ్వాలి". వెనక వైపు "రావాలి".

ఇవ్వవలసినవి తొమ్మిది. ఎక్కడా ఒక్క పేరు లేదు. బాపు మనుషులను తాను చూసినట్టే రాసుకున్నాడు. "గేటు టీ, 410." "దర్జీ చాచా, 350." "స్తంభం అవ్వ, 2,000." "తెల్ల చెప్పుల దడ్వాయి, 5,000." (దడ్వాయి అంటే మార్కెట్లో తూకం వేసేవాడు.) "మందుల షాపు, 1,260." "గులాబీ కర్టెన్ ఆటో, 240." "బియ్యం చిట్టి, 6,600." "సేటు, 8,000." ఈ ఎనిమిది కలిపితే 23,860. తొమ్మిదోది వేరే పేజీలో ఉందని గుర్తు పెట్టాడు. ఆ రాత్రి ఆ పేజీ తిప్పే ఓపిక నాకు లేకపోయింది.

రావలసినవి 31. చదవడానికి వీలైనవి 19, మొత్తం 83,400.

తమ్ముడు వెంటనే ఆ వెనక పేజీలు పట్టుకున్నాడు. "ముందు ఇవి వసూలు చేద్దాం అన్నా. వాటితోనే అవి తీర్చవచ్చు" అన్నాడు. లెక్క ప్రకారం వాడిదే సరైన మాట. నేను స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి, కాదనలేను. అమ్మ ఒప్పుకోలేదు. "ఇచ్చినవాడు అడగలేదు. ఆయన పోయిన ఇంటి నుంచి వెళ్లి మీరు అడుగుతారా? అడిగి తెచ్చిన డబ్బుతో ఆయన కర్మ చేయవద్దు" అంది. ఆ పైన ఇంకో మాట అంది: "పెద్దకర్మ లోపల ఎవరిది వాళ్లకు ముట్టాలి. లేకుంటే వాళ్ల ఇంట్లో ఎద్దై పుట్టి తీర్చాలి." ఇప్పుడు ఎద్దులు ఎవరి ఇంట్లో ఉన్నాయమ్మా, అందరివీ ట్రాక్టర్లే కదా అనబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాను.

హనుమకొండ కోర్టులో వకీలుగా ఉన్న బావ చట్టం చెప్పాడు. తండ్రి అప్పు కొడుకు తీర్చి తీరాలన్న పాత ధర్మం 2005 వారసత్వ సవరణతో పోయిందట. తండ్రి వదిలిన ఆస్తి మేరకే బాధ్యత. నోటిమాట మీద ఇచ్చిన చేబదులుకైతే కోర్టులో మూడేళ్లే గడువు. "వీటిలో సగం ఎవరూ అడగలేరు" అన్నాడు. అమ్మ ఆయన చెప్పిందంతా ఓపికగా విని, "సరే, రేపు పొద్దున టీ కొట్టుతో మొదలుపెట్టండి" అంది.

రేపు అంటే మూడో రోజు. అస్థులు ఏరాం, పిట్టకు పెట్టాం. కాకి తొందరగానే వచ్చింది. ఆ పని అయ్యేసరికే మధ్యాహ్నం దాటింది. సాయంత్రం బాపు తమ్ముడు, మా చిన్నబాపు గుర్తుచేశాడు: మైలలో ఉన్నవాడు పదకొండు రోజులు ఇతరుల గడప తొక్కకూడదు. పదకొండు రోజుల లోపలే తిరిగి బాకీలు తీర్చాలి, తిరగడమేమో కూడదు. రెండూ పెద్దలు చెప్పినవే. చివరికి అక్క మార్గం చెప్పింది: గడప బయట నిలబడి వాళ్లనే బయటికి పిలువు.

13వ తేదీ గురువారం బయలుదేరాను. టీ కొట్టు వీధిలోనే కాబట్టి అక్కడ గడప గొడవ లేదు. 410 ఇస్తే టీ కొట్టు ఆయన తీసుకోలేదు. ఆయనే గల్లా పెట్టెలోంచి ఒక అట్టముక్క తీసి చూపించాడు. దాని మీద బాపు గీతలు. మూడు రోజులుగా వాటిని కొట్టివేయడానికి చేయి రాలేదన్నాడు. బలవంతాన చేతిలో పెడితే తీసుకుని, నాకు టీ పోశాడు. దానికి మాత్రం డబ్బులు వద్దన్నాడు.

దర్జీ చాచా దుకాణం మండీ బజార్‌లో. బాపు ప్యాంట్లన్నీ ఆయన కుట్టినవే. నేను మెట్ల దగ్గర నిలబడి, "చాచా, ఒకసారి బయటికి వస్తారా" అన్నాను. గుండు చూసి ఆయనకు అర్థమైంది. సూది చొక్కా కాలరుకు గుచ్చుకుని లేచి వచ్చాడు. నేను లోపలికి రాకూడదని చెబితే, "ఆ పట్టింపు మీది బేటా, నాది కాదు. నా దుకాణంలోకి నువ్వు రావచ్చు" అని చేయి పట్టుకుని లోపల కూర్చోబెట్టాడు. మిషను మీది గుడ్డ పక్కకు జరిపి నీళ్ల గ్లాసు పెట్టాడు. మూడు రోజుల్లో నేను ఇతరుల కప్పు కింద కూర్చోవడం అదే మొదటిసారి.

350 తీసుకున్నాడు. వద్దనలేదు. "తీసుకుంటాను. తీసుకోకపోతే ఆయన మీద ఉండిపోతుంది" అన్నాడు. వాళ్లలో జనాజా నమాజు దగ్గర కొడుకో, అన్నో లేచి నిలబడి, పోయినవారు ఎవరికైనా బాకీ ఉంటే నన్ను అడగండి అని అందరి ముందూ చెబుతారట. ఆస్తి పంపకం కూడా అప్పులు తీరాకేనట. "మీ దగ్గర ఎవరు చెబుతారు?" అని అడిగాడు. మా దగ్గర ఎవరూ చెప్పరు చాచా, బాపు రాసిపెట్టాడు కాబట్టి తెలిసింది అన్నాను. లేచేటప్పుడు కాగితంలో చుట్టిన ప్యాంటు ఒకటి చేతిలో పెట్టాడు. నడుము వదులు చేయమని బాపు అక్టోబరులో ఇచ్చాడట. ఇంటికి వచ్చి చూస్తే వదులు కాదు, రెండు అంగుళాలు బిగువు చేసి ఉంది. సన్నబడుతున్నాడని చాచాకు అక్టోబరులోనే తెలుసు. మాకు తెలియలేదు.

14న కాళేశ్వరం. కారుకు 4,500. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి పరకాల, భూపాలపల్లి, మహదేవపూర్ మీదుగా ఎనిమిదికల్లా చేరాం. మే నెలలో సరస్వతీ పుష్కరాలు జరిగిన ఘాట్ దగ్గరే దిగాం. కార్తీక మాసం కావడంతో దీపాల జనం, అస్థుల జనం ఒకే మెట్ల మీద. మా పక్కన ఒక కొత్త జంట అరటి దొప్పలో దీపం వదులుతుంటే మేము కుండ పట్టుకుని వరుసలో నిలబడ్డాం. ఆ అమ్మాయి మమ్మల్ని చూసి దీపాన్ని ఇంకాస్త దూరంగా నెట్టింది, మా బూడిద తగలకుండానో, మాకు దారి ఇవ్వడానికో తెలియదు.

పంతులు గారు మూడు తరాల పేర్లు అడిగారు. బాపు పేరు, తాత పేరు చెప్పాం. ముత్తాత పేరు నాకు రాదు, తమ్ముడికీ రాదు. చిన్నబాపుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. వెనక ఇంకా ఇరవై మంది ఉన్నారు. పంతులు గారు విసుక్కోకుండా ముత్తాతకు బదులు దేవుడి పేరు చెప్పించారు. చిన్నబాపు తర్వాత ఫోన్ చేసి చెప్పాడు, అప్పటికి పిండాలు నీళ్లలో ఉన్నాయి. వెళ్లే ముందు ఆ మూడు పేర్లు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి.

మైల కాబట్టి గుడి లోపలికి వెళ్లలేదు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉన్న గుడి అది. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, శివుడు. ముక్తేశ్వరుడు అందరికీ ముక్తి ఇచ్చేస్తుంటే యముడికి పని లేకుండా పోయిందనీ, అందుకే శివుడు తన పక్కనే ఆయనకు చోటిచ్చి, ముందు ఆయనను కొలిచాకే తనను కొలవమన్నాడనీ అక్కడ చెప్పుకుంటారు. బాపు ఈ కథ చెప్పినప్పుడల్లా "ముందు ఖాతా, తర్వాతే ముక్తి" అని నవ్వేవాడు. గుమాస్తా కదా.

తిరుగు ప్రయాణంలో ఆ తొమ్మిదో పేజీ తిప్పాను.

"పెద్దవాడు, 40,000. 2019." పెద్దవాడు అంటే నేను.

ఆ ఏడాది ఒక హమాలీ కూతురి పెళ్లికి బాపు పూచీ ఉన్నాడు. అతను కట్టలేకపోయాడు. బండి కొనుక్కుందామని దాచుకున్న నలభై వేలు తెచ్చి నేను కట్టాను. కట్టినవాణ్ణి ఊరుకోవచ్చు కదా. అమ్మ, తమ్ముడు, తమ్ముడి భార్య, ఎదురింటాయన అందరూ ఉన్నప్పుడు, "నీ దానాలకు నా జీతం తెచ్చి పోయలేను" అన్నాను. బాపు ఏమీ అనలేదు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు కాబట్టి మరిచిపోయాడనుకున్నాను. నేను మరిచిపోయాను.

కింద జమ రాసి ఉంది. "పాపకు, దసరా, 500." "పాపకు, పుట్టినరోజు, 1,000." "పాపకు, సంక్రాంతి, 500." "పాపకు, పదో తరగతి పాసు, 2,000." ఆరేళ్లుగా మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా కూతురి చేతిలో పెట్టిన ప్రతి నోటూ నా బాకీకి జమ కట్టాడు. దాన్ని ప్రేమ అనుకుని నా కూతురు కాళ్లకు దండం పెట్టేది. ప్రేమ కాదనడం లేదు. ఆ నోటు రెండు పనులు చేసేదని మాకు తెలియదు, అంతే. మొత్తం జమ 17,500. మిగిలింది 22,500. అలవాటు కొద్దీ కూడి చూశాను. తప్పు లేదు.

తమ్ముడు ముందు సీట్లో నిద్రపోతున్నాడు. పుస్తకం సంచిలో పెట్టాను. పరకాల దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

15, 16 తేదీలు శని, ఆదివారాలు, మార్కెట్‌కు సెలవు. ఈ సంగతి ముందే చూసుకోకపోవడం నా తప్పు. పదకొండు రోజుల్లో రెండు అలా పోయాయి. శనివారం మందుల షాపు, బియ్యం చిట్టి ముగించాను. చిట్టి ఆమె మూడు వాయిదాల 6,600 తీసుకుని, మిగతా నెలలు అమ్మ పేరున కడతారా అని అక్కడే అడిగింది. అందులో తప్పేమీ లేదు, నాకే ఆ క్షణంలో కాస్త కష్టంగా తోచింది.

తెల్ల చెప్పుల దడ్వాయి ఎవరో టీ కొట్టు ఆయన చెప్పాడు. కాంటా దగ్గర దుమ్ములో నిలబడి కూడా తెల్ల రబ్బరు చెప్పులు మెరిసేలా తుడుచుకునే మనిషట. ఆయన రెండేళ్ల క్రితమే పోయాడు. ఇల్లు గీసుకొండ వైపు. ఆదివారం అక్కడికి వెళ్లి వాకిట్లో నిలబడి కొడుకుతో విషయం చెప్పి ఐదువేలు చాచాను. ఆ అబ్బాయి తీసుకోలేదు. నన్ను కింది నుంచి పైకి చూశాడు. "ఎవరూ అడగకుండా ఐదువేలు ఎందుకిస్తున్నారు? ఇంకా ఏమైనా ఉందా? భూమి కాగితం లాంటిది ఏమైనా మీ దగ్గర ఉండిపోయిందా?" అని అడిగాడు. లేదని చెప్పినకొద్దీ అనుమానం పెరిగింది. పక్కింటి నుంచి ఇంకో ఇద్దరు వచ్చారు. అరగంట వాదన తర్వాత నేనే ఒక కాగితం మీద "ఇంతకు మించి మాకూ మీకూ ఏ లావాదేవీ లేదు" అని రాసి సంతకం పెట్టి ఇస్తే అప్పుడు డబ్బు తీసుకున్నాడు. డబ్బు ఇచ్చినందుకు నేనే రసీదు రాసి ఇవ్వడం ఎక్కడైనా ఉందా? అతని తల్లి మాత్రం గోడ పక్కన కూర్చుని ఒకే మాట అడిగింది: "మీ బాపుకు ఆఖరున నొప్పి ఉందా?"

17 సోమవారం మార్కెట్‌కు వెళ్లాను. పత్తి సీజను, గేటు బయటి నుంచే బండ్ల వరుస. సేటు నా చేతిలోని ఎనిమిది వేలు తీసుకుని రెండుసార్లు లెక్కపెట్టి, ఖాతాలో బాపు పేరు మీద అడ్డగీత గీశాడు. నాకు మనసు చివుక్కుమంది. 38 ఏళ్లు పనిచేసిన మనిషికి ఎనిమిది వేలు వదిలిపెట్టలేడా అనుకున్నాను. ఆ తర్వాత ఆయనే లోపలికి వెళ్లి ఒక కవరు తెచ్చి, "ఇది పెద్దకర్మకు. అది ఖాతా, ఇది మర్యాద. రెండూ కలపకూడదని మీ బాపే నాకు చెప్పేవాడు" అన్నాడు. కవరులో పదివేలు. మొదట ఎనిమిది మాఫీ చేసి రెండు ఇచ్చినా లెక్క అదే. కానీ బాపు గీత చెరిగి ఉండేది కాదు.

స్తంభం అవ్వ ఆ రోజు పనికి రాలేదు. 18న మిర్చి యార్డు పక్కన లైటు స్తంభం కింద దొరికింది. చాటకూలీ. కింద రాలింది ఊడ్చి, చెరిగి, బస్తాకు ఎత్తే పని. బాపు ఆమె దగ్గర రెండువేలు ఎందుకు అప్పు చేశాడో నాకు అంతుపట్టలేదు. అడిగితే నవ్వింది. అప్పు కాదట. కొడుకు తాగుడుకు ఎత్తుకుపోతాడని, వంద మిగిలినప్పుడల్లా బాపు దగ్గర దాచిందట. మా బాపు ఆమెకు బ్యాంకు.

"పుస్తకంలో రెండువేలు ఉంది అవ్వా" అన్నాను.

"ఇరవై ఆరు వందలు బిడ్డా" అంది.

కొంగు ముడి విప్పి సుతిలి తాడు ఒకటి తీసింది. బస్తాలు కుట్టే జనపనార తాడే. దానికి వరుసగా ముడులు. వందకొక ముడి. పాతవి నూనె పట్టి నల్లబడ్డాయి, చివరివి ఇంకా పసుపుగా ఉన్నాయి. వేలితో ఒక్కో ముడి జరుపుతూ లెక్కపెట్టాను. ఇరవై ఆరు. మళ్లీ లెక్కపెట్టాను. రెండోసారి లెక్కపెడుతున్నప్పుడు, ఆమె చూస్తోందని గుర్తొచ్చి ముఖం వేడెక్కింది. "లెక్కపెట్టు, పరవాలేదు. మీ బాపు కూడా లెక్కపెట్టేవాడు" అంది. 2,600 ఇచ్చాను. పుస్తకం తప్పో, తాడు తప్పో, లేక తడిసిన పేజీలో ఇంకెక్కడో ఆరు వందలు ఉన్నాయో నాకు తెలియదు. తమ్ముడైతే పుస్తకమే ఖరారు అన్నాడు. ఆమె ఆ డబ్బును చేతిలో పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూసింది. "ఇక ఎక్కడ పెట్టుకోవాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పోస్టాఫీసు అన్నాను. ఇద్దరికీ ఆ మాట అతకలేదు.

20న పెద్దకర్మ. వంటలకు, వడ్డనకు, బట్టలకు కలిపి 62,000 అయ్యింది. ఆ రోజు నేను ఊహించనిది ఒకటి జరిగింది. వెనక పేజీలవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చారు. అందరూ కాదు, నలుగురు. భోజనం అయ్యాక ఒకాయన అమ్మ దగ్గర కూర్చుని ఐదువేలు ఇచ్చి, "మళ్లీ ఇస్తాను" అన్నాడు. ఒకామె 300 తెచ్చింది. ఇంకొకాయన మూడువేలు, ఎవరో ఫోటో ముందు పళ్లెంలో మడత పెట్టిన మరో మూడువేలు. ఆ చివరిది ఎవరిదో పుస్తకంతో ఎంత సరిచూసినా తేలలేదు. మొత్తం 11,300. తమ్ముడు ప్రతిదీ పుస్తకంలో జమ రాశాడు. మిగతావాళ్లను వాడు ఇంకా మరిచిపోలేదు, అది వేరే సంగతి.

కాగితాల పని గురించి నాలుగు ముక్కలు. ఇంట్లో పోయిన మనిషికి ఆసుపత్రి కాగితం ఉండదు, కాబట్టి శ్మశానవాటిక రసీదు పారేయకండి. మరణం 21 రోజుల లోపు నమోదు చేయించాలి. మేము 17న దరఖాస్తు చేస్తే, ఆధార్‌లో, రేషన్ కార్డులో ఇంటిపేరు వేరువేరుగా ఉందని ఒకసారి తిప్పి పంపి, డిసెంబరు 3న ధ్రువపత్రం ఇచ్చారు. బాపు ఫోన్ సిమ్ తీసేయవద్దు. బ్యాంకు, గ్యాస్ ఓటీపీలన్నీ దానికే వస్తాయి. ఇక బ్యాంకు ఖాతాలో ఉన్నది 14,212. నామినీ ఎవరని చూస్తే మా నాయనమ్మ. ఆమె పోయి పదహారేళ్లు. దాంతో వారసులందరి సంతకాలు, అక్క మంచిర్యాల నుంచి మళ్లీ రావడం, ఆ పదివేల ఏటీఎం సంగతికి ఒక వివరణ ఉత్తరం. కాగితాలన్నీ పూర్తిగా ఇచ్చాక పదిహేను రోజుల్లో పరిష్కరించాలన్నది నియమం. మేము పూర్తిగా ఇవ్వడానికే నెల పట్టింది. ఈ రాత్రి ఇంటికి వెళ్లి మీ అమ్మానాన్నల పాసుపుస్తకంలో నామినీ ఎవరో చూడండి.

నా పేజీ సంగతి అమ్మకు చెప్పాలా వద్దా అని పెద్దకర్మ అయిన వారం దాకా ఊగిసలాడి, ఒక రాత్రి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఆ ఐదువందలు ఎవరివనుకున్నావు? నా పాల డబ్బులు. పెద్దవాడికి కట్టాలి అని అడిగి తీసుకునేవాడు" అంది. మిగిలిన 22,500 కొట్టివేయనా అని అడిగితే, "నువ్వెందుకు కొట్టివేస్తావు, ఆయన పుస్తకం" అని లాక్కుని ట్రంకులో పెట్టేసింది.

ఇక మిగిలింది గులాబీ కర్టెన్ ఆటో. పెద్దకర్మ లోపు దొరకలేదు. 240 ఒక కవరులో వేసి బండి డిక్కీలో పెట్టుకుని తిరుగుతున్నాను. సోమవారాలు స్కూలు వదిలాక పోచమ్మ మైదాన్ దగ్గర అరగంట నిలబడతాను. గులాబీ రంగు కర్టెన్లు ఇప్పటికి మూడు ఆటోలకు చూశాను. ఇద్దరు తమకు తెలియదన్నారు. జనవరిలో మూడో అతను, నేను విషయం పూర్తిగా చెప్పకముందే, "అవునవును, ముసలాయన, నాకే ఇవ్వాలి" అని చేయి చాచాడు. ఎక్కడ దింపేవాడివి అని అడిగాను. రైల్వే స్టేషన్ అన్నాడు. బాపు స్టేషన్‌కు వెళ్లి ఇరవై ఏళ్లు. కవరు మళ్లీ డిక్కీలో పెట్టుకుని వచ్చేశాను.

ఇంటికి వచ్చి అమ్మకు చెబితే, అన్నం వడ్డిస్తూ, "రెండు వందల నలభై కదా, ఇచ్చేస్తే ఏం పోయేది" అంది.